దాలమ్మ ఉప్పుగీత

సముద్రం ఊరికి ఇంకో ఆమడ అవతల ఉన్నప్పటి మాట ఇది. అప్పటికి కాకులు ఇంకా తెల్లగానే ఉండేవని కొందరంటారు. నమ్మితే నమ్మండి, నమ్మకపోయినా కథకి వచ్చిన నష్టమేమీ లేదు.

ఆ రోజుల్లో మడిపేట అని ఒక ఊరు ఉండేది. ఊరందరిదీ ఉప్పు పనే. సముద్రపు నీళ్ళు మళ్ళలోకి పెట్టడం, ఎండకి ఆ నీళ్ళు ఇగిరిపోయాక పొడుగు కర్రకి తగిలించిన చెక్కతో ఉప్పుని గట్టుకి లాగడం, కుప్ప పోసి తాటాకు కప్పడం. ఇంతే పని. ఒళ్ళు మాత్రం హూనం.

ఆ ఊరికి రెండు కట్టుబాట్లు ఉండేవి. అవి చెప్పకపోతే కథ ముందుకి నడవదు.

ఒకటి ఉప్పుది. మడిలో ఉప్పు తొక్కొచ్చు, పని గనక. మడి దాటి ఊళ్ళోకి వచ్చిన ఉప్పుని మాత్రం తొక్కకూడదు, దాటకూడదు. ఎవరి చేతిలోంచి జారితే ఆ చెయ్యే దాన్ని ఎత్తాలి, కళ్ళకద్దుకోవాలి. ఇంకొకరు ముట్టకూడదు. చిటికెడు ఉప్పు దారిలో పడి ఉంటే పెళ్ళి ఊరేగింపు కూడా ఆగిపోయేది. పారబోసినవాణ్ణి వెతికి తెచ్చేదాకా పెళ్ళికొడుకు ఎండలో నిలబడాల్సిందే.

రెండోది ముద్ద. ఏ పిల్లకైనా జ్వరమొచ్చి ఒంటి మీద ఎర్రగా పూస్తే, అమ్మవారు వచ్చిందనేవాళ్ళు. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. పెరుగన్నం ముద్ద చేసి ఆ పిల్ల చేత ఒక కొరుకు కొరికించి, మిగతాది ఊళ్ళో పిల్లలందరికీ తలా కాస్త పెట్టేవాళ్ళు. అమ్మ ఎంగిలి తింటే అమ్మ చల్లగా చూస్తుందని వాళ్ళ నమ్మకం. పాపం, మంచికే పెట్టేవాళ్ళు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక మనిషి ఉండేది. మొగుడు లేడు, మడి లేదు, కుప్ప లేదు. పరుల మళ్ళలో ఉప్పు లాగి బతికేది. ఆమె పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. చేతిలో ఎప్పుడూ ఉప్పు లాగే కర్ర ఉండేది గనక "ఒలే కర్రదానా" అని పిలిచేవాళ్ళు. పిలిస్తే పలికేది, పిలవకపోతే తన పని తను చేసుకునేది. మాట తక్కువ. గొంతు మాత్రం చాలా పెద్దది. మడికి ఆ చివర నుంచి ఒక్క కేక వేస్తే ఈ చివర కొంగలు లేచిపోయేవి.

ఆమెకి ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ పోయారు. ముగ్గుర్నీ ఎర్రజ్వరమే తీసుకుపోయింది.

పెద్దవాడు సూరి. ఒళ్ళు కాలిపోతూ, గొంతు పూడుకుపోయి, నీళ్ళు నీళ్ళు అని ఏడ్చాడు. జ్వరంలో నీళ్ళు ఇవ్వకూడదని ఊరు చెప్పింది. దాలమ్మ ఊరి మాట వింది. సూరి పోయాడు.

రెండోది గౌరి. దానికి ఏ జబ్బూ లేదు. పక్కింటి పిల్లకి ఒంటి మీద ఎర్రగా పూస్తే, ఆ పిల్ల కొరికిన ముద్ద పెట్టమని ఊరు చెప్పింది. దాలమ్మ ఊరి మాట వింది. మూడో పొద్దుకల్లా గౌరికీ ఒళ్ళు ఎర్రబారింది. అది పోయింది.

మూడోవాడు బంగారి. వాడికి జ్వరం వచ్చింది, తగ్గింది, లేచి కూర్చుని నవ్వాడు కూడా. తగ్గింది కదా, తలకి నీళ్ళు పోసి గుడికి నడిపించమని ఊరు చెప్పింది. దాలమ్మ ఊరి మాట వింది. పట్టుమని పది రోజులు తిరక్కుండా వాడి మొహం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి. వాడూ పోయాడు.

అమ్మ తీసుకుపోయింది, మన చేతుల్లో ఏముంది, అంది ఊరు. దాలమ్మ ముగ్గురు పిల్లలు తాగిన మూడు మట్టి ముంతలు గూట్లో బోర్లించి, కర్ర పట్టుకుని మడికి వెళ్ళిపోయింది.

ఏళ్ళు గడిచాయి. ఒక తుపానులో దాలమ్మ చెల్లెలి కూతురూ అల్లుడూ పడవతో సహా పోయారు. వాళ్ళ పిల్ల మిగిలింది. పేరు పోలి. దాలమ్మ ఆ పిల్లని చంకనేసుకుని తెచ్చుకుంది. పోలికి ఆరేళ్ళు వచ్చేసరికి దాలమ్మ మాట్లాడని మాటలన్నీ అది మాట్లాడడం మొదలుపెట్టింది. కొంగకి కాళ్ళెందుకు అంత పొడుగు, ఉప్పు ఎందుకు తెల్లగా ఉంది, నువ్వెందుకు నవ్వవు అని అడిగేది. అడిగి అడిగి చివరికి ఆ ముసలిదాన్ని నవ్వించింది.

అలాంటి పిల్ల ఒక ఎండాకాలం పొద్దున నోరు మూసుకుని కూర్చుంది.

"ఏటయ్యిందే?" అంది దాలమ్మ.

"గొంతులో ముల్లు గుచ్చుకుంది, అమ్మమ్మా."

"ఏటి తిన్నావు?"

"ఏటీ తిన్నేదు. ఊరికే గుచ్చుకుంది."

మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలింది. మర్నాటికి మెడ కింద ఎర్రగా మొదలై పొట్ట మీదికి, వీపు మీదికి పాకింది. బుగ్గలు ఎర్రగా, మూతి చుట్టూ మాత్రం తెల్లగా ఉంది. నాలుక పిల్లి నాలుకలా గరుకెక్కింది. దాలమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. మడి ఆరేటప్పుడు అడుగున మొదట పూసే ఉప్పు ఎలా ఉంటుందో అలా చేతికి గరగర తగిలింది.

ఆ గరుకు ఆమె చేతికి కొత్త కాదు. ఇంతకుముందు మూడుసార్లు తడిమిందే. దాలమ్మ గూట్లో బోర్లించిన మూడు ముంతల వైపు చూసింది. తర్వాత లేచింది.

"ముగ్గుర్ని ఊరి మాట విని పోగొట్టుకున్నాను. దీన్ని మాత్రం నా మాట నేను విని బతికించుకుంతాను," అనుకుంది.

అనుకుని మూడు పనులు చేసింది. పోలికి వేరే ముంత, వేరే కంచం పెట్టింది. అవి ఇంకెవరూ ముట్టకుండా చూసి, మరిగే నీళ్ళలో వేసి తీసేది. పొయ్యి మీద గంజి ఎక్కించింది. మూడో పనికి పెరట్లో ఉన్న ఉప్పుకుండ తెచ్చి, గుమ్మానికి అడ్డంగా మూడు గుప్పెళ్ళు పోసి గీత గీసింది. ఒక్కో గుప్పెడు పోసేటప్పుడు ఆమె పెదాలు కదిలాయి. ఏమందో బయటికి వినపడలేదు.

మీకు కట్టుబాటు గుర్తుందిగా? పోసిన చెయ్యే ఎత్తాలి. దాలమ్మ బయటికి వెళ్ళాల్సొస్తే వంగి, జానెడు ఉప్పు ఎత్తి, కళ్ళకద్దుకుని దాటేది. దాటి మళ్ళీ పోసేది. ఇంకెవరూ ఆ పని చెయ్యడానికి లేదు.

ఎర్రజ్వరం కబురు ఊళ్ళోకి పాకడానికి ఎంతసేపు? ఆ పూటే ఊరు కదిలింది. ముందు పెద్దనాయుడు. ఊరికి పెద్ద, మీసాలకి ఇంకా పెద్ద. ఆయన పక్కన సోములమ్మ. అమ్మవారి గరగ, అంటే పసుపు రాసిన ఆ పూలకుండ, తల మీద ఎత్తుకునేది ఆవిడే. చేతిలో పెరుగన్నం ముద్ద.

"ఒలే కర్రదానా, గుంట చేత ఒక్క కొరుకు కొరికించు. మిగిలింది మేం సూసుకుంతాం," అంది సోములమ్మ.

"ఇది అమ్మవారు కాదు సోములమ్మా," అంది దాలమ్మ. "అమ్మ ముత్యాలు పోత్తే నీళ్ళ పొక్కులు లేత్తాయి. ఇది ఉప్పు పూసినట్టు గరుకు. ఈ ఎంగిలి ఒక్క పిల్ల తిన్నా ఆ పిల్ల కూడా పడిపోద్ది. నా గౌరి అలాగే పోనాది."

పెద్దనాయుడికి ఒళ్ళు మండింది. "నువ్వేటే, అమ్మకంటే పెద్దదానివా?"

"కాను బాబూ, సిన్నదాన్నే. గీత మాత్రం ఉప్పుది."

అప్పుడు చూశాడు ఆయన కిందికి. అప్పటికే దాటుదామని ఒక కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. ముందుకి పెడితే ఉప్పు దాటినట్టు, వెనక్కి పెడితే దాలమ్మకి ఓడినట్టు. కాసేపు కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. చివరికి వెనక్కే పెట్టాడు.

గీత గీతే.

వాళ్ళు వెళ్ళిపోయారు. ముద్ద మాత్రం వృథా పోలేదు. పోలితో ఆడుకునే పెద్దనాయుడి మనవడు చిన్నంనాయుడికీ ఆ పొద్దే ఒంటి మీద పూసింది. వాడి చేత కొరికించి, మిగతాది పదిమంది పిల్లలకి పెట్టేశారు.

ఇక్కడ దాలమ్మ పోలి పక్కనించి కదల్లేదు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలి పట్టించింది. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. గోకి పుళ్ళు చేసుకోకుండా గోళ్ళు కత్తిరించింది. గంజి, మజ్జిగ, నీళ్ళు, మళ్ళీ గంజి. పోలి తల అడ్డంగా ఊపేది.

"నొప్పి, అమ్మమ్మా."

"ఇంకొక్క గుక్క, తల్లీ."

ఆ గుక్క అయ్యాక మళ్ళీ ఇంకొక్కటి. దాలమ్మకి ఒక్కటి అంటే ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. నాలుగో మధ్యాహ్నం పోలి కళ్ళు తెరవలేదు. గుక్క మింగలేదు. దాలమ్మ గుడ్డ కొన నీళ్ళలో ముంచి పెదాల మధ్య ఒక్కో చుక్కా పిండింది. ఒక చుక్క, ఒక చుక్క, ఒక చుక్క. ముంతెడు నీళ్ళు అలా చుక్కలుగా లోపలికి పంపేసరికి పొద్దు వాలింది. సూరికి ఇవ్వని నీళ్ళన్నీ ఆ పూట పోలికి ఇచ్చింది. ఏడుస్తూనే ఇచ్చింది.

ఆరో పొద్దున పోలి కళ్ళు తెరిచింది.

"అమ్మమ్మా, గీత మీద సీమలెందుకు రావు?"

"ఉప్పు కదే," అంది దాలమ్మ. అని, మొహం పక్కకి తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి సంతోషంతో.

ఏడో పొద్దున ఊరు మళ్ళీ వచ్చింది. ఈసారి డప్పులతో వచ్చింది. సోములమ్మ తల మీద గరగ ఉంది.

"జొరం తగ్గిందంట గదే. తలకి నీల్లోసి తేయే. గరగ ఎనక నడిపిద్దాం," అంది.

లోపల పోలికి డప్పు వినగానే కాళ్ళు ఆగలేదు. "ఎల్తాను అమ్మమ్మా! నాకేటీ నేదు. సూడు, గెంతుతున్నాను!" అంటూ మంచం మీద గెంతింది. ఊరంతటికీ ఎదురు చెప్పడం దాలమ్మకి తేలికే అయింది. ఈ ఒక్క పిల్లకి ఎదురు చెప్పడం చాలా కష్టమైంది. బంగారి కూడా ఇలాగే గెంతాడు.

దాలమ్మ పోలి చెయ్యి పట్టుకుని గుమ్మం లోపల నిలబెట్టింది. ఆ పిల్ల వేళ్ళ చివర చర్మం పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది.

"సూడండి. మడి ఎండి పెచ్చులు లేచినట్టు లేత్తంది. లోపల జొరం ఇంకా పోలేదు. మూడు వారాలు ఈ పిల్ల ఎండ సూడకూడదు, నీల్లోసుకోకూడదు, పరిగెట్టకూడదు. నా బంగారి తొందరపడితేనే పోయాడు."

"అమ్మకి కోపమొత్తాది," అన్నాడు పెద్దనాయుడు, కాళ్ళు రెండూ నేల మీదే ఉంచుకుని.

దాలమ్మ ఆయన వైపు చూడలేదు. సోములమ్మ తల మీది గరగకి దణ్ణం పెట్టింది.

"అమ్మనే అడుగుదాం. ఆ గీత దాటి అమ్మ లోపలికొత్తే పిల్లని నేనే పంపుతాను."

డప్పులు ఆగిపోయాయి. సోములమ్మ ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగుకి ఉప్పు కాలి ముందు ఉంది. సోములమ్మది కూడా ఉప్పు పండించే ఇల్లే. పుట్టిన దగ్గర్నుంచి ఆ పాదాలు ఊళ్ళో ఉప్పు దాటి ఎరగవు. గరగ ఎత్తుకున్నంత మాత్రాన పాదాలు మారిపోతాయా? సోములమ్మ అలా నిలబడే ఉంది. గరగ మీది పూలు వణికాయి. ఆఖరికి మూడు అడుగులూ వెనక్కి వేసింది.

"అమ్మ దాటదు," అంది. "అమ్మ కూడా ఉప్పు తొక్కదు. పదండి."

గీత గీతే.

మూడోసారి మర్నాడే వచ్చారు. వచ్చింది ఒక్క పెద్దనాయుడు. మీసాలు వాలిపోయి ఉన్నాయి. చేతుల్లో మనవడు, మెడ వాల్చేసి ఉన్నాడు. గీతకి అవతల మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెని అక్క వరస పెట్టి పిలిచాడు.

"దాలప్పా, ఈడు నీల్లు మింగట్లేదు. ముద్ద తిన్న పదిమందీ పడిపోనారు. నీ గీత మంత్రమేటో సెప్పు. నీ కాళ్ళు పట్టుకుంతాను."

ఇంకొకరైతే ఆ మనిషిని రెండు మాటలైనా అని ఉండేవాళ్ళు. అనడానికి దాలమ్మ దగ్గర మూడు ప్రాణాలకి సరిపడా మాటలున్నాయి. ఆమె ఆ గుంటడి పెదాలు చూసింది. ఎండిపోయి పగిలి ఉన్నాయి, సూరి పెదాల్లాగే. ఇంకేమీ అనబుద్ధి కాలేదు.

"మంత్రమేటీ నేదు తమ్ముడూ. ఉప్పు ఉప్పే. నీల్లే మంత్రం. గుడ్డ కొన ముంచి సుక్క సుక్క ఎయ్యి. ఎల్లు, నానొత్తాను."

చేతులు ఉప్పునీళ్ళలో కడుక్కుంది. చీర మార్చుకుంది. పోలికి కదలొద్దని చెప్పి, గీత ఎత్తి దాటి, మళ్ళీ పోసి, వీధిలోకి వచ్చింది. పదకొండు ఇళ్ళు తిరిగింది. పదకొండు ఇళ్ళ తల్లుల చేత పదకొండు గీతలు వాళ్ళ చేతులతోనే పోయించింది. ఎవరి ముంత వాళ్ళకి పెట్టించింది. తర్వాత వెళ్ళి వీధి నడుమ నిలబడింది. ఇన్నాళ్ళూ కొంగల్ని లేపడానికి తప్ప పనికిరాని ఆ గొంతు అప్పుడు ఎత్తింది.

"తాగించారా?"

"తాగించాం!" అన్నాయి పదకొండు గుమ్మాలు.

"ఇంకొక్క గుక్క!"

"ఇంకొక్క గుక్క!" అన్నాయి పదకొండు గుమ్మాలు.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి. రోజూ మూడు కేకలు. కొంగలు ఆ కేకలకి అలవాటుపడి లేవడం మానేశాయట. పెద్దనాయుడు తన గుమ్మంలో కూర్చుని, మనవడి నోట్లో చుక్కలు పిండుతూ అందరికంటే గట్టిగా బదులు పలికేవాడు. కొందరు పిల్లలు లేచి కూర్చుని ఆడుకుంటామని పేచీ పెట్టారు. తల్లులకి మనసు కరిగి గీత ఎత్తబోతే, వీధి నడుమ నుంచి దాలమ్మ కేక వినపడేది. మళ్ళీ పోసేసేవాళ్ళు.

పోలికి ఇరవై ఒకటో పొద్దు వచ్చింది. దాలమ్మ గీతంతా ఎత్తి కళ్ళకద్దుకుంది. పోలి గుమ్మం దాటి ఎండలోకి వచ్చి, కళ్ళు చికిలించుకుని, "అమ్మమ్మా, ఎండెందుకు ఇంత తెల్లగా ఉంది?" అంది. ఆ తర్వాత రోజుకొకటి, రెండు చొప్పున గీతలు లేచాయి. చిన్నంనాయుడు అందరికంటే ఎక్కువ నీరసించాడు గనక, అన్నిటికీ ఆఖరున లేచింది పెద్దనాయుడి గుమ్మం ముందుది. వాడు బయటికొచ్చి తాత మీసాలు పట్టుకు లాగాడు. ముసలాయన నొప్పికి అరవలేదు, పకపక నవ్వాడు.

పదకొండు మంది పడ్డారు. పదకొండు మందీ లేచారు.

ఆ రోజు సోములమ్మ గరగ ఎత్తింది. డప్పులు మోగాయి. పోలితో కలిపి పన్నెండుమంది పిల్లలు గరగ వెనక గెంతుతూ నడిచారు. ఊరేగింపు దాలమ్మ గుమ్మం ముందు ఆగింది. గరగ దించి సోములమ్మ ఆ ముసలిదాని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. జారిన ఉప్పుని ఎత్తి అద్దుకున్నట్టే. దాలమ్మ సిగ్గుపడి కర్ర తీసుకుని మడికి పోబోయింది. పిల్లలు కర్ర లాగేసుకున్నారు. ఆ ఒక్క రోజూ ఊరు ఆమెని పనికి పోనివ్వలేదు. ఆ రోజు నుంచి ఆమెని కర్రదానా అని ఎవరూ పిలవలేదు.

దాలమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఒక మధ్యాహ్నం, ఎండ బాగా కాసి ఉప్పు బాగా పండిన రోజున, మడి గట్టు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయింది. అప్పటికి ఆ పన్నెండుమందీ పెద్దవాళ్ళయ్యారు. ఆమెని మోసుకెళ్ళింది వాళ్ళే. ముందు భుజం చిన్నంనాయుడిది.

అన్నీ అయ్యాక తల్లులు పోలి చుట్టూ చేరారు. అప్పటికి పోలీ ఇద్దరు పిల్లల తల్లి.

"నీకైనా సెప్పిందా? గుప్పెడు గుప్పెడుకీ పెదాలు కదిపేది కదా, ఆ మంత్రమేటి?"

పోలి గూట్లోంచి మూడు ముంతలు దించి వాళ్ళ ముందు పెట్టింది.

"మంత్రం కాదు. జొరంలో పడుకుని నాను యిన్నాను. మొదటి గుప్పెడు పోసి సూరి అంది. రెండోది పోసి గౌరి అంది. మూడోది పోసి బంగారి అంది. మళ్ళీ గీత ఎత్తి కళ్ళకద్దుకున్నప్పుడల్లా ఆ మూడు పేర్లే అనేది."

వాళ్ళలో ఒకావిడ ఇంట్లో పిల్లకి ఆ రోజే ఒళ్ళు వెచ్చబడింది. ఆవిడ లేచి వెళ్ళి, తన గుమ్మంలో మూడు గుప్పెళ్ళ ఉప్పు పోసి, వీధంతా వినేలా మూడు పేర్లూ పలికింది.

అదీ కథ. ఇప్పుడు ఆ జ్వరానికి పట్నంలో స్కార్లెట్ జ్వరమని పేరుంది, మందు కూడా ఉంది. ఉప్పుమళ్ళ ఊళ్ళలో తల్లులు ముందు పిల్లని ఎత్తుకుని డాక్టరు దగ్గరికే పరిగెడతారు. తిరిగొచ్చాక మాత్రం గుమ్మంలో గీత పోస్తారు. ఆ పిల్లకి వేరే ముంత పెడతారు. పిల్ల మింగనని మారాం చేస్తే "దాలమ్మ గుక్క, ఇంకొక్కటి" అంటారు. లేచి తిరిగే పిల్లని చూస్తే "గీత దాటేవు, ఇంక నూరేళ్ళు" అంటారు.

ముగ్గురు పిల్లలూ లోకానికి తెలియకుండానే పోయారు. ఇప్పుడు ఆ తీరం పొడుగునా, ఏ ఇంట్లో పిల్లకి ఒళ్ళు కాలినా, ఏ తల్లి గుప్పెడు తెరిచినా వాళ్ళని పిలవకుండా ఉప్పు పొయ్యదు.

సూరి. గౌరి. బంగారి.